అరుగు ఎవరికి అడ్డం?

పోర్టికోలో కారు ఆగుతుంది. తెల్ల షర్టు, తెల్ల పాంటు వేసుకున్న కథానాయకుడు దిగి, మూడు మెట్లు ఒక్క అంగలో ఎక్కి హాల్లోకి వస్తాడు. పైన మేడ మెట్ల మీద కథానాయిక నిలబడి ఉంటుంది...

ఇలాంటి నవల ఒక్కటైనా చదవకుండా పెళ్ళీడుకొచ్చిన తెలుగు ఆడపిల్ల ఉందంటే నేను నమ్మను. రామకృష్ణాపూర్‌లో మా పక్క క్వార్టరు టీచరమ్మ అద్దెకు తెచ్చుకున్న నవలల్ని, ఆవిడ బడి నుంచి వచ్చేలోపల దొంగతనంగా చదివి తిరిగి అదే పేజీలో గుర్తు పెట్టి వచ్చేదాన్ని. అలా తయారైన బుర్ర ఊరుకుంటుందా? నేను రాసిన మొదటి రెండు నవలల్లోనూ పోర్టికో ఉంది. కారూ ఉంది. మా ఊళ్ళో మేం ఎరిగిన ఒక్క ఇంటికీ లేని పోర్టికో! (పెద్ద ఆఫీసర్ల బంగళాలకు ఉండేది కాబోలు. ఆ గేటు దాకా మేమెప్పుడు వెళ్ళాం గనక?)

చేసిన పాపం ఊరికే పోదంటారు. నాది ఇరవై ఏళ్ళు తిరిగి, పోయిన నెల మా అమ్మ ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

మా తమ్ముడు ఫోను నా ముఖం మీద పెట్టాడు. "అక్కా, ఎలివేషన్ జూడు. రోడ్డు మీదికెళ్ళి చూస్తే ఇల్లు ఎట్లుంటదో!"

చూశాను. రెండు గుండ్రటి స్తంభాలు. వాటి తలల మీద బంగారు రంగు పూలు. పన్నెండడుగుల ఎత్తున స్లాబు, దాని కింద మెరిసే నల్ల గ్రానైటు మెట్లు, స్టీలు గేటు. గేటు లోపల ఒక తెల్ల కారు. మా తమ్ముడికి కారు లేదు. కంప్యూటరులో బొమ్మ గీసినవాడు ఉచితంగా పెట్టి ఇచ్చాడట!

"మరి అరుగులేవిరా?" అన్నాను.

"అవి తీసేస్తరు. పోర్టికో పిల్లర్లు గక్కడనే వస్తయ్."

"అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?"

వాడు నన్ను వింతగా చూశాడు. "లోపల సోఫా ఉంది గదా అక్కా!"

అప్పుడే నిశ్చయించుకున్నాను, ఈ వ్యాసం రాయాలని. తమ్ముడికి కోపం వస్తే రానీ.

ఆ అరుగుల సంగతి చెప్పాలి. నాన్న బాయి పని నుంచి రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. బొగ్గు గనుల ఊళ్ళలో ఇది అందరికీ వచ్చే రోజే. ముప్ఫయ్యేళ్ళు ఉన్న ఇల్లు మనది కాదని ఒక్క పూటలో తెలిసిపోతుంది. బస్తీలో చిన్న జాగాలో నాన్న రెండు గదులు వేశాడు. ఏ గది ఎక్కడుండాలో మేస్త్రీ చెప్పాడు, వాస్తు ఎవరో చెప్పారు, డబ్బు సంగతి నాన్న చూసుకున్నాడు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "దర్వాజకు అటొక గద్దె, ఇటొక గద్దె కట్టియ్యి." ఆ ఇంట్లో అమ్మ కోరి కట్టించుకున్నది అదొక్కటే. వంటగది కూడా ఆవిడ కోరినట్టు రాలేదు. పొగ గొట్టం గోడకు అటువైపు పెట్టారు.

2019లో ప్రభుత్వం జీవో 76 తెచ్చింది. సింగరేణి స్థలాల్లో ఇళ్ళు వేసుకున్నవాళ్ళకు క్రమబద్ధీకరణ దారి దొరికింది. పట్టా అనే కాగితం చేతికొచ్చాక మనిషి ఛాతీ రెండంగుళాలు పెరగటం సహజం. అది తప్పనను. కానీ ఆ పెరిగిన ఛాతీని ఇంటి ముందు స్లాబు పోసి చూపించాలని ఎందుకనిపిస్తుంది? మా వీధిలో మూడేళ్ళలో ఎన్ని పోర్టికోలు లేచాయో! ఒక్కదాని కిందా మనిషి కూర్చుని ఉండగా నేను చూడలేదు. కొన్నింటి కింద మోటారు సైకిలు, కొన్నింటి కింద వాషింగ్ మెషిను, మరి కొన్నింటి కింద సిమెంటు బస్తాలు కూర్చున్నాయి.

అసలీ 'ఎలివేషను' అంటే ఏమిటి? ఇంజనీరింగులో ఇంటి ఒక వైపు కనపడే తీరును గీసిన పటం. అంతే. ఇప్పుడది 'ముఖ సౌందర్యం' అయి కూర్చుంది. ఎవరి కోసం ఆ సౌందర్యం? లోపలున్నవాళ్ళకు తమ ఇంటి ముఖం కనపడదు. కనపడేది రోడ్డు మీద పోయేవాడికి. అతగాడు చూసేది పది సెకన్లు. ఆ పది సెకన్ల కోసం మనం రెండు మూడు లక్షలు పోస్తున్నాం. మా తమ్ముడికి కాంట్రాక్టరు చెప్పిన లెక్క 2,80,000 రూపాయలు, గేటు కాకుండా! పెళ్ళిచూపుల్లో పిల్లను పట్టుచీర కట్టి కూర్చోబెట్టినట్టు ఇంటిని కూర్చోబెడుతున్నాం. ఆ పిల్లకు ఆకలవుతోందా, ఉక్కపోస్తోందా అని ఆ వేళ ఎవరైనా అడిగారా? ఇప్పుడు ఇంటినీ ఎవరూ అడగరు.

క్వార్టర్ల రోజులు గుర్తొస్తాయి. వరస క్వార్టర్లు. గోడకు గోడ. లోపల రెండు గదులు, ఆరేడుగురు మనుషులు. అంచేత ప్రతి ఇంటి ముందూ రేకులో, తాటికమ్మలో, పాత తడకలో వేసి ఒక పందిరి లేచేది. దాని కింద మట్టితో ఒక గద్దె. పేడతో అలికి, పండక్కి సున్నం అంచు పెట్టేవాళ్ళు. ఎవడి ప్లానులోనూ లేని ఆ గది లేకపోతే మా కాలనీలో ఆడవాళ్ళకు ఊపిరాడేది కాదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే వంట పొగ, వేడి నిండిన ఆ గదుల్లో ఎవరుంటారు? బియ్యం చాటలు బయటికి వచ్చేవి. చింతపండు గింజలు తీసేది అక్కడ. పిల్లల తలలు దువ్వేది అక్కడ. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి ఆగకుండా, నోరు ఆగకుండా పని చేసేవాళ్ళు ఉండేవాళ్ళు. బతుకమ్మ రోజుల్లో గునుగు పూల కట్టలు, తంగేడు కొమ్మలు ఆ గద్దెల మీదే పోగుపడేవి. గునుగు కొసలకు రంగులద్దిన చేతులు వారం దాకా ఎర్రగా ఉండేవి. ఆడవాళ్ళు 'ఊరికే కూర్చున్నారు' అంటారే మగవాళ్ళు, ఆ ఊరికే కూర్చోవటంలో ఎంత పని జరిగేదో లెక్క రాసినవాడు లేడు.

ఇంకొకటి కూడా జరిగేది. ఎదురు చూడటం.

బాయికి పోయిన మనిషి షిఫ్టు దిగి ఇంటికి రావాలి. వచ్చే వేళకు ప్రతి గద్దె మీదా ఒక ఆడమనిషి ఉండేది. చూపు మాటల మీదా, చేతిలోని చాట మీదా ఉన్నట్టే ఉండేది గాని, ఉండేది మాత్రం దారి చివర. నల్లబడిన ముఖాలతో, నెత్తిన టోపీలతో మనుషులు మలుపు తిరగ్గానే ఒక్కొక్క చాట లోపలికి పోయేది. ఒక రోజు నాన్న రాలేదు. అందరి మగవాళ్ళూ వచ్చారు. అమ్మ గద్దె మీదే ఉండిపోయింది. అప్పుడేం జరిగిందనుకున్నారు? లోపలికి పోయిన చాటలు ఒకటొకటిగా మళ్ళీ బయటికి వచ్చాయి. మొగుడికి అన్నం పెట్టి వచ్చి ఒకావిడ, పెట్టకుండానే వచ్చి మరొకావిడ. మా గద్దె మీద చోటు లేక ఇద్దరు కిందే కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎండాకాలం సంగతులు, ఉల్లిగడ్డ ధర... రాత్రి ఎప్పుడో నాన్న వచ్చాడు. మనుషులు తక్కువైతే రెండో షిఫ్టు కూడా చేశాడట. కబురు పంపిన మనిషి మా ఇల్లు మరిచిపోయాడు. అమ్మ ఆయన్ను తిట్టిన తిట్లు వీధంతా విని, నవ్వుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు.

స్టీలు గేటు వేసి, పోర్టికో కింద తలుపు మూసుకున్న ఇంట్లో ఆ రాత్రి మా అమ్మ ఉండి ఉంటే? అడగండి మీ ఎలివేషన్ వాడిని.

'అబ్బ! పాత రోజులన్నీ బంగారమే అంటుంది ఈవిడ' అని మీరు ముఖం చిట్లించక ముందే నేనే చెబుతాను. అరుగు పవిత్రమైనదేమీ కాదు. నాన్న పుట్టిన పల్లెలో దొర ఇంటికీ అరుగులుండేవి. వాటి మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నేల మీద కూర్చోవాలో, ఎవరు అరుగు దరిదాపులకే రాకూడదో పుట్టినప్పుడే రాసి పెట్టి ఉండేది. ఇంటి కోడలు ఆ అరుగు మీద కూర్చోగలిగేదా? మామ ఉంటే లేదు. బావగారుంటే లేదు. ఊరి పెద్దమనుషులుంటే తలుపు చాటున. ఆ అరుగులు కూలిపోయాయంటే నా కంట ఒక్క చుక్క రాలదు. కానీ బొగ్గు కాలనీలో క్వార్టరు వరస కులం చూసి రాలేదు, ఉద్యోగం చూసి వచ్చింది. ఏ ఊరివాడి పక్కన ఏ ఊరివాడు పడ్డాడో! కులం మాయమైపోయిందని అబద్ధం చెప్పను. మంచినీళ్ళ చెంబు దగ్గర అది తల ఎత్తుతూనే ఉండేది. అయినా ఆ మట్టి గద్దె మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది మాత్రం ఆడవాళ్ళే తేల్చుకున్నారు. పల్లెలో మగవాడి పెత్తనానికి ఆసనమైన అరుగు ఇక్కడ ఆడదాని చేతికొచ్చింది. ఒక్క తరం. అంతలోనే కూలగొట్టటానికి మనమే పార పట్టుకున్నాం!

బి.ఏ.లో నేను ఇంగ్లీషు సాహిత్యం చదివాను. ఏం ఒరిగిందని మావారు అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఇదిగో, ఇది ఒరిగింది. అమెరికాలో జోరా నీల్ హర్‌స్టన్ అనే నల్లజాతి రచయిత్రి 1937లో ఒక నవల రాసింది: 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'. ఫ్లారిడాలో ఈటన్‌విల్ అనే ఊరు. అక్కడ కొట్టు ముందు అరుగు. ఊరి కబుర్లన్నీ, కోతలన్నీ, నవ్వులన్నీ ఆ అరుగు మీదే. కొట్టు యజమాని జో స్టార్క్స్ తన భార్య జేనీని ఆ మాటల్లో కలవనివ్వడు. మేయరు పెళ్ళాం అల్లరి జనంతో కబుర్లు చెప్పటమా! ఆవిడ లోపల నిలబడి కొట్టు చూసుకోవాలి. బయట మాట్లాడాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. చదివినప్పుడు ఈవిడ మా మామయ్య వాళ్ళ ఊరి కోడలే కదా అనుకున్నాను. అరుగు ఉండటం సగం సంగతే. ఆడది దాని మీద కూర్చుని నోరు విప్పగలగటం మిగతా సగం.

ఆ దేశంలోనూ తరవాత అరుగులు పోయాయి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత కార్లొచ్చాయి, టీవీలొచ్చాయి, చల్లటి గాలి మిషన్లొచ్చాయి. ఇంటి ముఖం కారు షెడ్డు అయింది. ఆ తరవాత వాళ్ళకే బుద్ధొచ్చింది. 1961లో జేన్ జేకబ్స్ అనే ఆవిడ నగరాల మీద ఒక పుస్తకం రాసి, వీధికి కాపలా పోలీసులు కాదు, వీధి మీద ఆనే మామూలు మనుషుల కళ్ళు అని వాదించింది. ఆవిడ పట్టణ నిర్మాణ శాస్త్రం చదువుకున్న పండితురాలు కాదు సుమా! తన వీధిని కళ్ళు తెరిచి చూసిన ఇల్లాలు, పత్రికా రచయిత్రి. 1981లో ఫ్లారిడాలోనే సీసైడ్ అనే కొత్త ఊరు కట్టటం మొదలుపెట్టినప్పుడు, ఇంటి ముందు కూర్చునే వరండా ఉండాలని నిబంధనే పెట్టారు. పోగొట్టుకున్నవాళ్ళు రూలు పెట్టి తెచ్చుకుంటున్నారు. ఉన్నవాళ్ళం డబ్బిచ్చి పగలగొట్టించుకుంటున్నాం.

సరే, అందం మాట వదిలేద్దాం. ఎండ మాట చూద్దాం. "పోర్టికో ఉంటే నీడ గదా మేడమ్" అన్నాడు కాంట్రాక్టరు. మా ఇల్లు పడమటి ముఖం. మే నెలలో మా ఊరి ఎండ ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. రామగుండం పేరు రేడియోలో విని విని ఉంటారు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడు ఏ చూరైనా నీడ ఇస్తుంది. సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు కిందికి దిగి, ఏటవాలుగా ఇంట్లోకే చూస్తాడు. అప్పుడు పన్నెండడుగుల ఎత్తున ఉన్న స్లాబు ఏం చేస్తుంది? గోడ పై సగాన్ని కాపాడుతుంది. కింద సగం, తలుపు, గడప, మెట్లు అన్నీ నిప్పులే. నల్ల గ్రానైటు మీద కాలు పెట్టి చూడండి! స్టీలు గొట్టం పట్టుకుని చూడండి! రాత్రి ఎనిమిదింటికి కూడా ఆ స్లాబు పగలు తాగిన వేడిని కక్కుతూ ఉంటుంది. వానాకాలంలో అదే నున్నటి గ్రానైటు మీద అరవై దాటిన మనిషి కాలు జారితే తుంటి ఎముక సంగతి ఎవరు చూస్తారు?

పాతకాలపు ఇళ్ళకు చూరు కిందికి ఎందుకు దిగి ఉండేదో, పొడుగాటి మనిషి తల వంచి ఎందుకు లోపలికి రావలసి వచ్చేదో ఇప్పుడర్థమైందా? పడమటి ఎండకు మందు ఎత్తు కాదు, పల్లం. తలకు తగలనంత ఎత్తున ఒక పందిరి, దాని మీదికి పాకే ఒక తీగ, నాలుగు దాటాక దింపుకోటానికి వెదురు తడక. అరుగు మీద పాలిషు పట్టని షాబాదు బండ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు సుళువుగా కూర్చుని లేవటానికి అడుగున్నర ఎత్తు. చాట పెట్టుకోటానికి రెండడుగుల పైన వెడల్పు. ఖర్చెంతంటారా? మా తమ్ముడి స్తంభాల పూలకయ్యేంత!

నాకు జవాబు చెప్పినవాళ్ళందరిలో నేను తడుముకున్నది ఒక్కరి దగ్గరే. మా మరదలు. ఆ అమ్మాయి అందరూ పడుకున్నాక వచ్చి నా పక్కన కూర్చుంది.

"వదినె, మీరు నాలుగు రోజులు వచ్చి పోతరు. అరుగు ముచ్చటగనే ఉంటది. నేను గేటు తీసి బండి మీద పోతే ఏడికి పోయిన్నో, ఎప్పుడొచ్చిన్నో, ఏ చీర కట్టిన్నో ఆ అరుగు మీద ముచ్చట. అత్తమ్మ ఏమనది. కూసున్నోళ్ళు అంటరు. నాకు గేటు కావాలె."

ఏం చెప్పను? వీధి మీద కళ్ళు కాపలా కాసినట్టే కాపలా కాస్తాయి కూడా! జేన్ జేకబ్స్ గారికి కోడలరికం తెలిసి ఉండదు. ఆ అమ్మాయి మాటలో నిజముంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి నేను చెప్పింది ఇదే. గేటు పెట్టుకో అమ్మా. నీ గది కిటికీకి కర్టెను వేసుకో. ఎవరేమన్నా తిరిగి అడుగు, నేను నీ పక్కనుంటాను. కానీ కబుర్లు చెప్పేవాళ్ళ నోళ్ళు పోర్టికోతో మూతపడవు. నువ్వు ఎప్పుడొచ్చావో ఎదురింటి మేడ మీది నుంచి చూస్తారు, సీసీ కెమెరాలో చూస్తారు, ఫోనులో మాట్లాడుకుంటారు. తేడా ఒక్కటే. అప్పుడు వాళ్ళు నిన్ను చూస్తారు గాని నువ్వు వాళ్ళను చూడలేవు. నువ్వు కూడా వెళ్ళి ఆ అరుగు మీద ఒక రోజు కూర్చున్నావనుకో, నీ చీర సంగతి నీ ఎదురుగానే అడగాల్సి వస్తుంది. ఎదురుగా అడిగినదానికి నీ దగ్గర జవాబుంటుంది.

ఒప్పుకుందా? లేదు. ఆలోచిస్తానంది. ఆ మాత్రం చాలు నాకు.

మిగతా వాదాలకు పెద్దగా సమాధానం అక్కర్లేదు. దుమ్మంటారు. బొగ్గు బావుల ఊళ్ళో దుమ్ము లేదని ఎవరన్నారు? పోర్టికో దుమ్మును ఆపుతుందా? దుమ్ము కూర్చోటానికి కొత్తగా ఇంత స్లాబు కడుతున్నాం. దొంగలంటారు. పొద్దంతా ముసలమ్మ కూర్చున్న ఇంటికి దొంగ వచ్చినట్టు ఎప్పుడైనా విన్నారా? కారంటారు. కారు కొన్నాక పక్క సందులో ఒక రేకు వేసుకుంటే పోతుంది. లేని కారుకు ఉన్న అమ్మను లేపెయ్యటం ఎక్కడి న్యాయం? ఇహ ర్యాంపు పేరుతో మోరీ మీదికి, రోడ్డు మీదికి జరిగేవాళ్ళ సంగతి ఎత్తితే మా వీధిలో సగం మంది నాతో మాట్లాడరు. ఎత్తాననే అనుకోండి.

పరువంటారు. ఇదీ అసలు సంగతి. 'బాయి పనోళ్ళ ఇల్లు' అని ఎవరూ అనకూడదట! ఎందుకనకూడదు? 1990ల మొదట్లో లక్ష మందికి పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇవాళ 40 వేల చుట్టూ ఉన్నారు. మా ఊరి చుట్టూ కొన్ని బాయిలు మూతపడ్డాయి. మా తమ్ముడి పిల్లలకు బాయి పనంటే ఏమిటో ఫొటోలో చూపించాల్సిందే. ఆ పని చేసిన మనిషి చేతులతో, తన భార్య కోరిందని కట్టిన రెండు గద్దెలు ఆ ఇంటి ముందున్నాయి. వాటిని తీసేసి, ఎవరి బంగళాదో చూసి గీసిన స్తంభాలు పెట్టుకుంటే పరువు పెరుగుతుందా? నా మొదటి నవలల్లో కథానాయకుడి ఇంటికి పోర్టికో తగిలించినప్పుడు నేను చేసిందీ ఇదే. మా ఇంటిని దాచిపెట్టాను.

అమ్మను అడగలేదు ఎవరూ, ఆఖరికి నేను కూడా. రెండు రోజులు అందరం అమ్మ గురించి ఆవిడ ఎదుటే వాదించుకున్నాం. మూడో రోజు తెలివొచ్చి అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా అంది:

"లోపట కూసుంటే టీవీల మనుషులు మాట్లాడుతనే ఉంటరు బిడ్డా. నన్ను ఒక్క మాట అడుగరు. ఈడ కూసుంటే పోయేటోళ్ళు 'తిన్నవా అవ్వా' అంటరు."

మళ్ళీ కాసేపాగి, "తమ్మునికి కట్టుకోవాలని ఉన్నది. కట్టుకోనియ్యి. ఒక్క గద్దె ఉంచుమను," అంది.

అమ్మ ఒక్క గద్దెకు ఒప్పుకుంటుంది. నేనొప్పుకోను. రెండూ కావాలి. ఒక గద్దె మీద ఒక్కతే కూర్చుంటే అది కాపలా. ఎదురుగా ఇంకొకరు కూర్చోటానికే గదా రెండోది!

సోమవారం పని మొదలుపెడతామని మేస్త్రీ చెప్పి వెళ్ళాడట. నిన్న రాత్రి మరదలు ఫోను చేసింది. తమ్ముడు ఇంకా అలకలోనే ఉన్నాడని, స్తంభాల మీది పూలు మాత్రం వద్దనుకున్నాడని చెప్పింది. తరవాత గొంతు తగ్గించి, "సోమవారం నాకు సెలవు వదినె. పొద్దుగాల్నే పప్పు చాట పట్టుకొని అవతలి గద్దె మీద నేను కూసుంట. ఇవతలి దాని మీద అత్తమ్మ ఉంటది. మేస్త్రీ ఎట్ల పగలగొడతడో చూద్దాం," అంది.